నీళ్ళలో బేరం

ఆ ఆగస్టులో రోక్‌సాల్ రేవులో దిగేటప్పటికి అజేమా చేతిలో ఉన్నది ఒక ఐస్ లారీ, లియోన్ నగరపు హోటళ్ళవాళ్ళకి అప్పటికే ఇచ్చేసిన మాట, నీటిని దూరం నుంచే వాసన పట్టగల ముక్కు. లేనివి ఆల్చిప్పలు. సెలవులకొచ్చిన జనం సరస్సు చుట్టూ ఊళ్ళన్నీ ఊడ్చి తినేశారు. హోటళ్ళవాళ్ళు అడిగినంత పెద్దవి, కండ పట్టినవి ఒక్క సిడోనీ దగ్గరే మిగిలాయి. రేవుకి ఎదురుగా, చివరి వరసలో, ఇనుప చట్రం కింద తాళ్ళకి వేలాడుతున్నాయి. అవి దొరక్కపోతే సెప్టెంబరు విందులు బ్రిటనీ వ్యాపారి చేతిలోకి పోతాయి. విందుల వెనకాలే లియోన్ మొత్తం పోతుంది. లియోన్ పోతే అజేమాకి మిగిలేది లారీ, దాని మీద రాసున్న తన పేరు.

సిడోనీ పాకలో బల్ల దగ్గర నిలబడి పిల్ల చిప్పలు అతికిస్తోంది. వెనక మూల ఇద్దరు కూలీలు తాళ్ళ చిక్కు తీస్తున్నారు. బొటనవేలితో గిన్నెలోంచి అక్రోటుకాయంత తడి సిమెంటు తీసి తాడుకి అద్దడం, దాని చుట్టూ మూడు చిప్పల్ని కీలువైపు లోపలికి పెట్టి నొక్కడం, తాడు జరపడం. నోరు బయటికుండాలి. నోరు సిమెంటులో పడితే ఆ చిప్ప తెరుచుకోలేక చస్తుంది.

"అమ్మను," అంది తలెత్తకుండానే.

"నేనింకా అడగలేదే."

"మీ లారీ ఆగిన చప్పుడే అడిగింది. అవి క్రిస్మస్‌కి ఉంచుకున్నవి. పండక్కి రండి, అందరితో పాటు నిలబడి కొనుక్కుందురుగాని."

అజేమా ఎవరూ కూర్చోమనకుండానే ఒక పెట్టె తిరగేసుకుని కూర్చున్నాడు. గుమ్మంలోంచి సరస్సు కనిపిస్తోంది. రేవు స్తంభానికున్న జెండా తడిబట్టలా వేలాడుతోంది. ఎండ సిమెంటు గిన్నె అంచుని అప్పుడే ఆరబెట్టేసింది.

"గాలి లేదు," అన్నాడు.

"నాకూ చర్మం ఉంది."

"నేను పడమటి మూల మీదుగా వచ్చాను సిడోనీ గారూ. అక్కడ నీరు తెల్లబడుతోంది."

అతను వచ్చింది పెద్ద రోడ్డు మీద. ఊరి మలుపు తిరిగేదాకా సరస్సు కంటపడనే లేదు. కానీ గాలి ఆగిపోయిన ఆగస్టులో ఈ ఒడ్డున ఆ ఒక్క ముక్క చాలని అతనికి తెలుసు. అడుగునున్న నాచు కుళ్ళి, నీటిలో ఊపిరంతా పోయి, సరస్సు పాలరంగుకి తిరిగితే దాన్ని వీళ్ళు చెడ్డనీరు అంటారు. అది ఏ వరస మీదుగా పోతే ఆ వరసలో బతికినది ఉండదు. సిడోనీ భర్త ఒక చెడ్డనీటి ఏడాది తర్వాత మళ్ళీ పడవెక్కలేదు. మరో రెండేళ్ళు కిటికీ దగ్గర కూర్చుని పోయాడు.

ఆమె చెయ్యి ఆగలేదు. సిమెంటు, చిప్ప, చిప్ప, చిప్ప. తాడు జరిగింది. మళ్ళీ సిమెంటు. ఈసారి మధ్య చిప్ప తిరగబడి నోరు సిమెంటులోకి దిగింది. ఆమె చూసుకోలేదు. అజేమా చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా అతికిస్తున్న చెయ్యి తడబడిందంటే ధర పడిపోయినట్టే.

"ఎక్కడ చూశారన్నారు?"

"పడమటి మూల. పాత ఉప్పు మడుల పక్కన."

"వాసనేసిందా?"

"కొంచెం."

ఆమె గుమ్మం దాకా వెళ్ళి నీళ్ళవైపు చూస్తూ నిలబడింది. చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"నీళ్ళలో అయితే ఇస్తాను. గట్టు మీద ఇవ్వను."

రోక్‌సాల్‌లో ఉన్నవి ఆ రెండు రకాల బేరాలే. గట్టు మీద అయితే అమ్మేవాళ్ళే తాళ్ళు పైకి లాగి, కడిగి, పెట్టెల్లో పేర్చి ఇస్తారు. నీళ్ళలో అయితే ధర సగానికి పడుతుంది, తియ్యడం కొన్నవాడి తంటా. అజేమా ఎప్పుడూ నీళ్ళలో కొనలేదు. అయితే సిడోనీ మరిది లియోన్స్ పడవ ఉంది, దాని మీద పెద్ద కప్పీ ఉంది. రెండు పొద్దులు బాడుగకి తీసుకుంటే పని అయిపోతుంది. సగం ధరలోంచి బాడుగ తీసేసినా లాభం మిగిలే ఉంది. ఈ లెక్కంతా ఆమె గుడ్డ మేకుకి తగిలించేలోపు అయిపోయింది.

"సరే."

ఆమె అతన్ని నీళ్ళలోకి వేసుకున్న తన చెక్క బల్లకట్టు చివరికి తీసుకెళ్ళింది. ఆ వరసలోంచి నమూనాకి తెచ్చి వేలాడదీసిన తాడు పైకి లాగి, రెండు చిప్పలు విరిచి, కత్తితో తెరిచి ఒకటి అతనికిచ్చింది. ఇద్దరూ సరస్సుకి ఎదురుగా నిలబడి, నిమ్మరసం లేకుండా మింగి, డొల్లలు నీళ్ళలో పారేశారు. ఇది అయ్యాక వెనక్కి తిరగడం ఇక్కడెవరికీ లేదు.

"మింగారా?"

"మింగాను. బాగున్నాయి."

"బాగున్నా లేకపోయినా మీవే. బతికినా మీవే, చచ్చినా మీవే."

మర్నాడు పొద్దున అజేమా రేవుకి వెళ్ళేసరికి లియోన్స్ గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు పాత పేపరు పరిచి ఉంది. దాని మీద పడవ ఇంజను పంపు ముక్కలుముక్కలుగా, పెళ్ళివారింట వెండి సామాన్లు పేర్చినంత శ్రద్ధగా పేర్చి ఉంది.

"పడవ కావాలి లియోన్స్. రెండు రోజులకి."

"చూస్తున్నారుగా షావుకారు గారూ. జబ్బు చేసింది."

"నిన్న సాయంత్రం తిరిగింది. నేను చూశాను."

"మీరు చాలా చూస్తారండీ. దూరపు చూపు మీది. మాకంత లేదు."

అజేమా పక్క పడవ దగ్గరికి వెళ్ళాడు. దానికి చమురు లేదట. ఆ పక్కదానికి చుక్కాని వదులైందట. నాలుగో పడవవాడు ఏ సాకూ చెప్పలేదు. నోట్లోంచి చుట్ట తీయకుండా అతన్ని చూస్తూ ఊరుకున్నాడు. ఆ పడవ ఇంజను ఆడుతూనే ఉంది.

మధ్యాహ్నం ఒదెత్ కాఫీ కొట్లోకి వెళితే కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అతను లోపలికి రాగానే పేకముక్కలు ఆగాయి. సోంపు సారా అడిగాడు. ఒదెత్ గ్లాసు, నీళ్ళ చెంబు తెచ్చి పెట్టింది.

"ఐసు లేదా?"

"మీ లారీనిండా ఉందిగా. ఇంకా మా దగ్గరేం అడుగుతారు?"

ఎవరో నవ్వారు. గోడవారనున్న లియోన్స్ ముక్కలు బోర్లించి ఇటు తిరిగాడు.

"పడమటి మూల ఎలా ఉందండీ? తెల్లగా ఉందా?"

అజేమా గ్లాసులోకి నీళ్ళు వంచుకున్నాడు.

"పొద్దున్నే వెళ్ళి చూశాం లెండి. అడుగున పీత కాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, అంత బాగుంది."

"దూరం నుంచి చూశాను. ఎండలో అలా కనపడి ఉంటుంది."

"అలా కనపడిందని మా వదినతో చెప్పారు. ఆవిడ నిమ్మళంగా విని ఊరుకుంది. కానీ పాకలో మీ మాట విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. సాయంత్రానికది పక్క పట్నం సెత్ బజారుకి చేరింది. రోక్‌సాల్‌లో చెడ్డనీరట అని పొద్దున్నించీ మా దగ్గర కొనేవాడొక్కడూ ఫోనెత్తట్లేదు. మీరు ఒక్క వరసకి ధర దించుదామనుకున్నారు. ఊరు మొత్తానికి దించేశారు."

"నేనెవరికీ ఫోన్ చెయ్యలేదు."

"అవసరమేముంది? అలాంటి మాటకి కాళ్ళు దానికే ఉంటాయి."

అజేమా సారా సగంలో వదిలేసి బయటికొచ్చాడు. సెత్‌లో తెలిసిన పడవవాళ్ళకి ఫోన్ చేశాడు. ఏ ఊరని అడిగారు, ఏ వరసని అడిగారు. ఆ వరసల సందుల్లో వరస గలవాళ్ళ పడవలు తప్ప తిరగవని, బయటి పడవ దూరితే తాళ్ళు తెగుతాయని, ఆ తర్వాత తలలు పగులుతాయని చెప్పి పెట్టేశారు. చివరికి సిడోనీ దగ్గరికే వెళ్ళాడు. ఆమెకి చిన్నదైనా ఒక పడవుంది, దాని మీద చేత్తో తిప్పే కప్పీ ఉంది.

"చిప్పలమ్మాను. పడవ అమ్మలేదు," అంది.

"బాడుగ మీరెంతంటే అంత."

"మీరు వారానికి పోతారు. ఈ రేవులో రేపూ ఎల్లుండీ నేనుండాలి. మా వాళ్ళతో పేచీ పెట్టుకోలేను."

గాలి లేదు. సరస్సు నూనె పోసినట్టు మెరుస్తోంది. దాని కింద, ఎక్కడో చివరి వరసలో, తను డబ్బిచ్చి కొన్న సరుకు నోళ్ళు తెరిచి మూస్తోంది. అజేమా గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. చేతికందనిది కొనడం జీవితంలో అతనికది మొదటిసారి.

మూడోరోజు తెల్లవారుతూనే ఒదెత్ కొట్టు మీద గదిలో అతన్ని వాసన లేపింది. కుళ్ళిన గుడ్ల వాసన. ఒక్క క్షణం అది తన అబద్ధమే అనుకున్నాడు. కిటికీ తెరిచేసరికి కింద మనుషులు పరిగెడుతున్నారు. పడమటి మూల కాదు. తూర్పున రెల్లు గట్టు దగ్గర నీరు బియ్యం కడిగిన నీళ్ళలా తిరిగి, అంచున చిన్న చేపలు నోళ్ళు పైకెత్తి కొట్టుకుంటున్నాయి. ఆ తెలుపు పాకుతున్నట్టు కూడా లేదు. కళ్ళు మూసి తెరిచినప్పుడల్లా ఇంకొంచెం దగ్గర్లో ఉంటోంది.

నిన్నటి జబ్బులన్నీ కుదిరి పడవలు వరసగా కదిలాయి. తాళ్ళు లేపుకుని సరస్సు సముద్రంలో కలిసే కాలువ నోటికి, మంచి నీరున్నచోటికి చేర్చాలని వాళ్ళ పరుగు. గట్టున మిగిలింది లియోన్స్ పడవ. అతను మోకాళ్ళ మీద కూర్చుని పంపు బిగిస్తున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ బిగిస్తున్నాడు. షావుకారుకి చూపించడానికి విప్పి పెట్టిన ముక్కల్లోంచి చిటికెన వేలంత స్ప్రింగు గట్టు రాళ్ళ సందుల్లోంచి ఎప్పుడో నీళ్ళలోకి జారిపోయింది. అది లేకుండా ఇంజను దగ్గి ఆగిపోతోంది.

సిడోనీ రబ్బరు చొక్కా తొడుక్కుని తన పడవలో నిలబడి ఉంది. ఊరిలో ఆ రోజు నీళ్ళలో ఏమీ లేనిది ఆమెకొక్కదానికే.

"సిడోనీ గారూ!" అజేమా గట్టంతా పరిగెత్తాడు. "నా వరస!"

"మా మరిది వరస ముందు. పక్కపక్కవే. రా లియోన్స్."

"ఆగండి. ఈ పడవతో కాలువ నోటికి ఎన్నిసార్లు పోయొస్తారు? మధ్యాహ్నానికి రెండుసార్లు. ఏం మిగుల్తుంది? నా లారీ గట్టు మీద ఉంది. చల్లగా ఉంది. అందులో వేస్తే వారం బతుకుతాయి. ఇక్కడికైతే పదిసార్లు తిరగొచ్చు."

ఆమె లారీవైపు చూసింది. లియోన్స్ చూడలేదు.

"లారీ నాది," అన్నాడు అజేమా.

"పడవ నాది," అంది సిడోనీ.

"సరే. ఒక పడవ నా సరుకు, ఒక పడవ లియోన్స్‌ది. సగం సగం."

"ఎక్కు."

అజేమా ఎక్కాడు. లియోన్స్ ఎక్కాడు. పడవ గట్టు వదిలి రెండు బారలు పోయిందో లేదో అజేమా నోరు ఊరుకోలేదు. ఎదుటివాడు ఇంత ఇరుకున పడ్డ ఘడియ మళ్ళీ రాదు.

"లారీలో చోటుకి నేను బాడుగ అడగను లియోన్స్. కానీ నీ క్రిస్మస్ సరుకు నాకే అమ్మాలి. నీళ్ళ ధరకి."

లియోన్స్ మొహం రక్తం పొంగినట్టయింది. కాదనే స్థితిలో అతను లేడు. అది ముగ్గురికీ తెలుసు.

సిడోనీ ఇంజను ఆపేసింది. పడవ నిలబడిపోయింది. నీళ్ళ మీది వాసన వచ్చి ముగ్గురి మీదా కూర్చుంది.

"ఈ పడవ మీద ఇంకో బేరం జరగదు," అంది. "ఆ మాట వెనక్కి తీసుకో. లేదా దిగు అజేమా. లోతు నడుము దాకానే ఉంటుంది."

"వదినా, టైం పోతోంది. పోనీ, ఒప్పుకుంటాను—"

"నువ్వు నోరుముయ్యి."

అజేమా తూర్పువైపు చూశాడు. తెలుపు మొదటి వరసలకి చేరింది. ఇక్కడ ఆగిన ప్రతి నిమిషానికి ఒక తాడు పోతోంది, అందులో తనదీ ఉంది. వెనక్కి తీసుకుంటే ఏం పోతుంది? క్రిస్మస్. తీసుకోకపోతే? ఈ రోజు. వంగి పడవ అడుగున పడున్న తోలు చేతిజోళ్ళు తీసుకున్నాడు.

"తీసుకున్నాను. పోనివ్వండి."

లియోన్స్ కప్పీ తిప్పాడు. మొదటి తాడు దూడంత బరువుతో నీళ్ళు కార్చుకుంటూ లేచింది. నాచు, పీతలు, తిత్తుల్లాంటి మెత్తటి సముద్రపు జీవులు వేలాడుతున్నాయి. అజేమా దాన్ని కావలించుకుని లోపలికి లాగి, కడ్డీ దగ్గర కొక్కెం తప్పించి, పడుకోబెట్టాడు. చిప్పల అంచులు తోలులోంచి కూడా కోశాయి. రెండో తాడు. మూడోది. అన్నేళ్ళు ఈ సరుకుని పెట్టెల్లోనే చూశాడు. పెట్టెలో ఉన్నప్పుడు దాని బరువు తెలియలేదు. లియోన్స్‌కీ అతనికీ మధ్య "పట్టు," "వదులు," "కాలు తియ్యి" తప్ప మాటల్లేవు. ఒక్కసారి తాడు జారి లియోన్స్ కాలి మీద పడబోయింది. అజేమా మోచెయ్యి అడ్డం పెట్టాడు. లియోన్స్ ఆ మోచేతిని చూసి, "గుడ్డివాడిలా లాగకు," అన్నాడు.

నాలుగోసారి గట్టు నుంచి వెనక్కి వస్తుంటే అజేమా అడిగాడు.

"నేను చెప్పింది అబద్ధమని మీకెప్పుడు తెలిసింది?"

సిడోనీ చుక్కాని వదల్లేదు. "పడమటి మూల అన్నప్పుడే. అటునుంచి ఎప్పుడూ రాదు. ఉప్పు మడుల దగ్గర అడుగున నాచుండదు."

"మరెందుకమ్మారు?"

"గాలి లేదు. నాచు పైకి తేలుతోంది. రెల్లు దగ్గర చేపపిల్లలు కరువయ్యాయి. రెండ్రోజులో, వారమో. ఎవడో ఒకడు కొనాలిగా. నువ్వే వచ్చావు."

"నాకు చెప్పలేదే!"

"నువ్వు చెప్పావుగా. నేను మళ్ళీ చెప్పడమెందుకు?"

లియోన్స్ నవ్వాడు. ఆ రోజు మొత్తంలో అతను నవ్వింది అప్పుడే. మోసపోయినందుకు అజేమాకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాన్ని ఎక్కడ ఖర్చు రాయాలో తెలియలేదు.

పొద్దు వాలేముందు చివరి తాడు లేపారు. సిడోనీ రెండు చిప్పలు తెంపి ఒకదానితో ఒకటి కొట్టింది. డొల్ల చప్పుడొచ్చింది, లోపలిది చచ్చినట్టే. ఇంకో రెండు కొట్టింది. అదే చప్పుడు. ఆమె వాటిని పారేసి పడవ గట్టుకి తిప్పింది. అజేమా వరసలో సగం నీళ్ళలోనే ఉండిపోయింది. లియోన్స్‌ది ఇంచుమించు అంతే.

మర్నాడు మధ్యాహ్నం ఉత్తరపు గాలి లేచి జెండాని గట్టిగా విదిలించింది. ఆ మర్నాటికి నీరు తేటబడింది. లియోన్స్ తన తాళ్ళని లారీలోంచి తీసుకెళ్ళి వేలాడదీసుకున్నాడు. కృతజ్ఞత చెప్పలేదు. చీపురు తెచ్చి లారీలో తన సగం మాత్రం ఊడ్చి వెళ్ళిపోయాడు.

అజేమా లియోన్ హోటళ్ళవాళ్ళకి ఫోన్ చేశాడు. ఉన్న సగం పంపమన్నారు. మిగతా సగం బ్రిటనీ అతను ఇస్తాడట. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆ గొంతు మర్యాద అతనికి తెలుసు. తను కూడా మానుకోదలచిన వాళ్ళతో అలాగే మాట్లాడతాడు.

లారీ తలుపు వేసి ఎక్కబోతుంటే లియోన్స్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. వెనకాల మరో ముగ్గురు.

"ఎక్కడికి?"

"లియోన్‌కి."

"చచ్చినవాటిని మీ బాబొచ్చి తీస్తాడా? నీళ్ళలో కొన్నది నువ్వు. ఆ కుళ్ళు పక్కనే నా వరసుంది."

పారిపోవచ్చు. లారీకి ఎదురు నిలబడి ఎవరూ చావరు. లారీలో ఐసు కరిగి సరుకు చావకముందే వెళ్ళాలి. అజేమా సెత్ నుంచి ఒక డ్రైవరుని పిలిపించి లారీ ఇచ్చి పంపాడు. తను ఉండిపోయాడు. ఎందుకున్నావని అడిగితే చెప్పడానికి లెక్క ఏదీ లేదు. ఆ సరుకు చచ్చినా నీదే అన్నప్పుడు ఆ చిప్ప మింగింది తనే.

నాలుగు రోజులు తీశాడు. పడవ సిడోనీది, బాడుగ పూర్తిది, ఒక్క కాసు తగ్గించలేదు. ఆమె చుక్కాని పట్టుకుని కూర్చునేది, తాడు ముట్టుకునేది కాదు. చచ్చిన తాళ్ళు లేస్తుంటే చిప్పలు నోళ్ళు వెళ్ళబెట్టి నల్లటి నీళ్ళు కక్కేవి. ఆ కంపు చొక్కాకీ జుట్టుకీ పట్టి, ఎంత తోమినా పోయేది కాదు. ఒదెత్ అతన్ని లోపలికి రానివ్వలేదు. బయట, గాలి వెళ్ళేవైపు, కుర్చీ వేసింది. ఒకరోజు గ్లాసులో ఐసు ముక్క కనిపించింది.

"ఒరేయ్ అజేమా!" పక్క వరసలోంచి లియోన్స్ అరిచాడు. "ఆ మూల ఇంకో తాడుంది. కళ్ళు లేవట్రా నీకు?"

"ఉంది, కనపడుతోంది! నీ అరుపుకే నాచు రాలి పడుతోంది!"

ఆఖరి తాడు తీశాక చట్రం ఉత్త ఇనుపకడ్డీలతో నీళ్ళ మీద నిలబడింది. సిడోనీ పడవని దానికి ఆనించి ఆపింది.

"ఇక ఇది వచ్చే వసంతం దాకా నీది."

"ఏది?"

"చట్రం. నీళ్ళలో కొన్నవాడు చచ్చినవి శుభ్రంగా తీసేస్తే వసంతంలోపు కొత్త పంట వేసుకునే హక్కు అతనిది. వేస్తే అది ఎదిగేదాకా అతన్ని ఎవరూ లేపలేరు. తియ్యకుండా పోతే నాకే వచ్చేసేది."

"మీరు చెప్పలేదు."

"నువ్వు ఉండిపోతావనుకోలేదు."

లియోన్స్ తన పడవలోంచి ఇదంతా విన్నాడు. స్ప్రింగు కొత్తది వేయించిన ఇంజను ఆపుకుని దగ్గరికొచ్చాడు.

"వదినా, బయటివాడికి మన వరసలో చోటా? తాతల నాటి నుంచీ లేదే!"

"నేనివ్వలేదు. నీ తాతలు పెట్టిన పద్ధతే ఇచ్చింది. వాళ్ళనడుగు."

లియోన్స్ నీళ్ళలో ఉమ్మేశాడు. చట్రాన్ని చూశాడు, అజేమాని చూశాడు. "పెంచడం వచ్చా వీడికి? కొనడం, అమ్మడం తప్ప. ఇదిగో, నేను పుచ్చుకుంటాను. ఎంతకిస్తావో చెప్పు."

ఏ వస్తువు చూపించినా దాని ధర అజేమా నాలుక చివరకి అదంతటదే వచ్చేది. పెట్టె మూత తీయకముందే వచ్చేది. ఇప్పుడు లియోన్స్ ఎదురు చూస్తున్నాడు, సిడోనీ చుక్కాని పట్టుకుని ఎటో చూస్తోంది. అజేమా కోతలు పడ్డ చెయ్యి కడ్డీ మీద పెట్టాడు. ఇనుము ఎండకి కాలుతోంది. ధర రాలేదు. "పద, నీ పడవ అడ్డు తియ్యి," అన్నాడు.

సాయంత్రం బల్లకట్టు మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని లెక్క చూసుకున్నాడు. లియోన్ సగం పోయింది, మిగతా సగం పోయే దారిలో ఉంది. పెట్టిన డబ్బులో పావు వంతు తిరిగి రాలేదు. చేతులు వారం దాకా పనికి రావు. వచ్చినది ఒక ఖాళీ ఇనుప చట్రం, దానికి ఒకవైపు మోసం చేసిన ఆవిడ, ఇంకోవైపు తిట్టకుండా ఉండలేని మనిషి. అజేమా ఇంత నష్టంలో ఎప్పుడూ ఏ ఊరూ వదల్లేదు. ఈ ఊరు వదలడం గురించి ఇంకా ఆలోచించలేదు.